కుడివైపు కిటికీ

మా తోడల్లుడుగారు పోయారని పామర్రు నుంచి ఫోను వచ్చింది. పొద్దున టిఫిను చేసి కుర్చీలో వెనక్కి వాలారట, మళ్ళీ లేవలేదట. ఫోను పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఇరవై ఏళ్ళ కిందట ఆయన నాకిచ్చి తప్పిన మాట. ముఖం తర్వాత గుర్తొచ్చింది.

"రిజర్వేషన్ తెరిచే రోజున క్యూలో మొదటి మనిషిని నేనే తమ్ముడూ. నలుగురికీ కలకత్తా టికెట్లు నీ చేతిలో పెట్టిగానీ టీ తాగను" అన్నారు. ఆ రోజు సాయంత్రం ఒట్టి చేతులతో వచ్చారు. టీ మాత్రం తాగారు.

జ్ఞాపకార్థ కూటంలో పాస్టరుగారు ఆయన్ని మాట తప్పని మనిషి అన్నారు. అందరూ తల ఊపారు. నేను చివరి వరసలో కూర్చుని ఉన్నాను గనక ఊపకపోయినా ఎవరికీ కనపడలేదు. కూటం అయ్యాక సంఘ పత్రిక చూసేవాళ్ళు వచ్చి, మీరు చదువుకున్నవారు, తోడల్లుడుగారి గురించి నాలుగు మాటలు రాయండి అన్నారు. రాస్తానన్నాను. ఏం రాస్తానో వాళ్ళు అడగలేదు.

మా మామగారు పామర్రులో మిషను బడి మాస్టారు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయిని ఈయనకిచ్చారు, చిన్నమ్మాయిని నాకిచ్చారు. ఈయనకు అదే ఊళ్ళో ఎరువుల కొట్టు. నేను విజయవాడలో కాలేజీ లెక్చరర్ని, చరిత్ర చెప్పేవాణ్ణి. చదువుకున్న అల్లుడు వచ్చాడని మా మామగారు సంఘంలో చెప్పుకునేవారు. ఇంట్లో మాత్రం నాటుకోడి వండితే కందనకాయ పెద్దల్లుడి పళ్ళెంలోకే వెళ్ళేది. నేను అత్తవారింటికి వెళ్ళిన ప్రతిసారీ ఆ కందనకాయ ఎటు వెళుతుందో చూసేవాణ్ణి. ఒక్కసారి కూడా దారి తప్పలేదు.

ఆయన పుస్తకం చదవగా నేను చూడలేదు. కానీ చుట్టపక్కాల్లో ఎవరు ఎంత దూరం వెళ్ళాలన్నా ముందు ఆయన కొట్టుకే వెళ్ళేవాళ్ళు. వేలూరు ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, వేలాంకన్ని మొక్కు ఉన్నవాళ్ళు, ఢిల్లీలో ఇంటర్వ్యూ ఉన్న కుర్రవాళ్ళు, అందరూ ఆ యూరియా బస్తాల మీద కూర్చుని ప్రయాణం అడిగి తెలుసుకునేవాళ్ళు. ఆయన ముందు బండి పేరు చెప్పేవారు కాదు. "ఏం చూడాలని ఉంది?" అని అడిగేవారు. ఆసుపత్రికి పోయేవాణ్ణి ఏం చూస్తానయ్యా అని ఎవరైనా విసుక్కుంటే, "ఆసుపత్రి ఎట్టాగూ చూస్తావు, దార్లో ఇంకేదన్నా చూడు" అనేవారు. కృష్ణా బ్రిడ్జి ఏ ఎండలో దాటాలో, ఏ కొండ దగ్గర మేలుకుని ఉండాలో చెప్పి, దాన్నిబట్టి బండి ఎంచేవారు. "పడుకుని పోయేదానికి ప్రయాణం ఎందుకయ్యా, ఇంట్లో మంచం లేదా?" అనేది ఆయన మాట.

కలకత్తా వెళ్ళాలన్న కోరిక నాది. ఇది ఇక్కడ స్పష్టంగా రాయాలి, ఎందుకంటే తర్వాత మా ఇంట్లో అందరూ అది మర్చిపోయారు. పాత పుస్తకాల దుకాణాలు వీధి పొడుగునా ఉంటాయని చదివి, ఒక్కసారైనా ఆ వీధిలో నడవాలనుకున్నాను. ఆ మాట మా ఆవిడతో ఎన్నోసార్లు అన్నాను. "చూద్దాంలెండి" అనేది. అదే మాట ఒకసారి మా తోడల్లుడుగారి చెవిన పడింది. ఆ రోజు నుంచి ఆ ప్రయాణం నాది కాకుండా పోయింది.

ఆయన ప్రతి సోమవారం సరుకు కోసం విజయవాడ వచ్చేవారు. గుణదలలో మా ఇంట్లో భోజనం. బావగారు వస్తున్నారంటే మా ఆవిడ పొద్దున్నే అల్లం నూరేది. నాకు కాలేజీ మధ్యాహ్నం నుంచే గనక నేనూ ఉండేవాణ్ణి. భోజనం అయ్యాక ఆయన ముందుగదిలో కూర్చుని మాటల్లోనే బండి నడిపేవారు.

"సాయంత్రం ఇక్కడ ఎక్కుతామమ్మా. మొదటి రాత్రి చపాతీలు. పులిహోర తెల్లారికి. పెరుగన్నం వద్దు, పులుస్తది. దోసావకాయ సీసా మూతకి గుడ్డ కట్టు, కింద బెర్తు మనిషి నెత్తిన కారిందంటే కలకత్తా దాకా గొడవే."

"కట్టానే అనుకోండి బావగారూ. తర్వాత?"

"తర్వాత పడుకుంటాం. నేను లేపుతా. తెల్లవారేసరికి చిలక సరస్సు పక్కన ఉండాలి. అటువంటి బండే ఎక్కిస్తా. పోయేటప్పుడు కుడిపక్క నీళ్ళు. ఎంతసేపు పోయినా నీళ్ళే, మధ్యలో పడవలు. కుడివైపు కిటికీ మా మరదలికి."

"మరి ఈయనకో?"

"ఆయనకి కిటికీ ఎందుకమ్మా? పుస్తకం తెరిచాడంటే మళ్ళీ హౌరాలోనే మూస్తాడు."

ఆమె నవ్వేది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వడం నేను ఆ సోమవారాల్లోనే చూశాను.

చిలకా సరస్సు గురించి నేను చాలా చదివాను. అది ఉప్పునీరూ మంచినీరూ కలిసిన సరస్సు అని, చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాలతాయని చెప్పాను. "అట్టాగా" అని, ఆయన వైపు తిరిగి, "పడవలు తెరచాపలవేనా బావగారూ?" అని అడిగింది. ఆయన ఎప్పుడో ఒకసారి ఆ దారిన వెళ్ళారు, అంతే. నేను చదివినదంతా కలిపినా ఆ ఒక్కసారి ముందు ఆగలేదు.

ఇంట్లో ఒక చిక్కు ఉంది. మా అమ్మ మంచం పట్టి ఉంది. అన్నీ మా ఆవిడే చేసేది. ఊరు కదిలి ఎన్నేళ్ళయిందో. గుంటూరులో ఉన్న మా తమ్ముడు, ఒక పది రోజులు అమ్మను నేను ఉంచుకుంటాను, మీరు వెళ్ళిరండి అన్నాడు. ఆ మాట మీదే మా రెండు జంటల ప్రయాణం ఖాయమైంది.

రిజర్వేషన్ తెరిచే రోజు వచ్చింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మా తోడల్లుడుగారు ముందుగదిలో ఉన్నారు.

"నిద్రపోయా తమ్ముడూ," అన్నారు. "లేచేసరికి ఎండెక్కింది. పోయి చూస్తే ఏముంది, అయిపోయినయ్."

నవ్వుతూ అన్నారు. టికెట్లు పోయినందుకు కాదు, ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. ఎరువుల బస్తాల బరువు తెలిసినవాడికి మాట బరువు తెలియాలని ఎక్కడుంది అన్నాను. మా ఆవిడ ఆయనకు టీ తెచ్చి, "పోన్లెండి, బావగారు మాత్రం ఏం చేస్తారు" అంది. ఓదార్పు కూడా ఆయనకే వెళ్ళింది. ఆయన టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, "వస్తా తమ్ముడూ" అని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కలకత్తా మాట నా ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు. సోమవారాలు ఆగిపోయాయి. అమ్మ పోయాక ఆయన మళ్ళీ బయల్దేరదామని కబురు పంపారు. నాకు తీరిక లేదని చెప్పించాను. పెళ్ళిళ్ళలో, సమాధుల తోటల్లో ఎదురుపడితే "వందనాలండీ" అని పక్కకు తప్పుకునేవాణ్ణి. ఆయన మాత్రం ప్రతిసారీ చెయ్యి పట్టుకుని ఒకే మాట అనేవారు. "చిలక యాడికీ పోలేదు తమ్ముడూ, అక్కడే ఉంది." నేను చెయ్యి విడిపించుకునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట వానాకాలంలో మా ఆవిడ పోయింది. చిలక చూడలేదు. ఆమె శవపెట్టె పక్కన కూర్చుని ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను ఏడవలేదు. ఏడుపు రాక కాదు, ఆయన ముందు మొదలుపెట్టారని. చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలుసు. అంతలా ఏడవడానికి ఈయనకు ఏం హక్కు ఉందని ఆ రోజు లోపల్లోపల ప్రశ్నించుకున్నాను.

జ్ఞాపకార్థ కూటం రోజున, భోజనాల వేళ, మా వదినగారు వెనక గదిలో ఒక్కరే కూర్చుని ఉంటే పలకరించడానికి వెళ్ళాను. పలకరింపు సరిగా రాలేదు.

"పాస్టరుగారు బాగానే చెప్పారండీ, మాట తప్పని మనిషని. నన్ను మినహాయించి చెప్పారనుకుంటాను" అన్నాను.

ఆవిడ పక్కనున్న కుర్చీ చూపించారు. "కూర్చోండి మరిదిగారూ" అన్నారు. కూర్చున్నాను.

"తీశారండీ ఆ టికెట్లు. చీకటితోనే పోయి నిలబడి తీశారు, నలుగురివీ. స్టేషన్నుంచి నేరుగా మీ ఇంటికే తెచ్చారు. మీరేమో ఆ రోజు పరీక్షలని పొద్దున్నే కాలేజీకి పోయారంట."

"అయితే?"

"అంతకు ముందురోజే మీ తమ్ముడు గుంటూరు నుంచి చెల్లికి ఫోన్ చేశాడంట. అమ్మని ఉంచుకోవటం మావల్ల కాదు వదినా, నువ్వే ఏదోటి చెప్పి అన్నయ్యని ఆపు అన్నాడంట. చెల్లి హడలిపోయింది. ఈయనకి తెలిస్తే ఇంక జన్మలో తమ్ముడి గుమ్మం తొక్కడు, రేపు అత్తయ్య పోతే పెట్టె మోసే కాడ కూడా మాట్లాడుకోరు అంది. బావగారూ, టికెట్లు దొరకలేదని చెప్పండి అని చేతులు పట్టుకుంది."

"ఆయనేమన్నారు?"

"దొరకలేదంటే నమ్మడమ్మా, నిద్రపోయానంటే నమ్ముతాడు అన్నారంట." వదినగారు కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "మీకు ఆయన మీద ఏం అభిప్రాయమో ఆయనకి తెలుసు కదండీ."

ఆవిడే మళ్ళీ అన్నారు.

"మళ్ళీ స్టేషన్‌కి పోయి రద్దు చేయించుకుని, సాయంత్రం దాకా ఊరంతా తిరిగి, మీరొచ్చే వేళకి వచ్చారు. చెల్లి పోయినాక నేనన్నా, ఇంకెందుకండీ, ఆయనకి చెప్పెయ్యండి, ఈ మాట పడేది ఎన్నాళ్ళని. మరదలికి మాటిచ్చా, మనిషి లేదని మాట తీసేసుకుంటామా అన్నారు. నన్ను మాత్రం మాటివ్వమనలేదు. అందుకే చెబుతున్నా."

మా అమ్మ పోయినప్పుడు నేనూ మా తమ్ముడూ పెట్టెకు చెరోవైపు పట్టాం. తోటలో వాడు నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వెనక నడుస్తున్నవాళ్ళలో మా తోడల్లుడుగారు ఉన్నారు, మా ఆవిడ ఉంది. వాళ్ళిద్దరూ ఆ దృశ్యాన్ని చూసే ఉంటారు. దాని ఖరీదు ఏమిటో ఆ తోటలో తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే.

పత్రికకు అడిగినవాళ్ళ కోసం రాస్తున్నాను: పాస్టరుగారు చెప్పింది నిజం. నాకిచ్చిన మాట తప్పింది ఆమెకిచ్చిన మాట నిలబెట్టడానికి. ఇన్నేళ్ళూ నా చేతిలో చిన్నబోయి, నేను చెయ్యి విడిపించుకున్న ప్రతిసారీ నవ్వి ఊరుకున్నారు. అంత పని నేను ఎవరి కోసమూ చెయ్యలేదు, నా కోసం చేసినవారు ఆయన కాక ఇంకొకరు లేరు. ఈ రుణానికి కృతజ్ఞుణ్ణి. అయితే కృతజ్ఞత చెప్పినంత మాత్రాన అసూయ పోతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. కందనకాయ నుంచి చివరి మాట దాకా మంచివన్నీ ఆయన పళ్ళెంలోకే వెళ్ళాయి.

మా తమ్ముడు కూడా ఇది చదువుతాడు. చదవనీ. వాడి మీద నాకు కోపం రావాలి. వారం రోజులుగా ఎదురుచూస్తున్నాను, రావడం లేదు. మంచంలో ఉన్న తల్లిని చూసి భయపడ్డాడు. భయపడని కొడుకులు చాలామంది ఉంటారనుకోను. మా ఇంట్లో కూడా ఆ మంచం దగ్గర ఉన్నది నేను కాదు గదా, ఆమె.

ఆ సోమవారాల్లో ఆమె కూర్చునే కేన్ కుర్చీ ఇప్పటికీ ముందుగదిలోనే ఉంది. బావగారు "ఇదిగో, చిలక వచ్చింది" అనగానే ఆమె తల కుడివైపుకు తిప్పేది. అటువైపు కిటికీ లేదు. నా పుస్తకాల బీరువా ఉంది. రైలు ఊపుకు ఊగుతున్నట్టు కొంచెం కొంచెం కదులుతూ, కళ్ళు చిట్లించి, ఆ బీరువాలోంచి అవతలికి చూసేది. నీళ్ళు, పడవలు, తెల్లవారుజాము. నేను పక్కనే ఉండేవాణ్ణి. నాకు పుస్తకాల వీపులు కనపడేవి.

నిన్న ఆ కుర్చీలో కూర్చుని కుడివైపు తిరిగి చూశాను. ఇంకా అవే కనపడుతున్నాయి.

మా తోడల్లుడుగారి మీద మోపిన నింద ఈ కాగితం మీద తీసేస్తున్నాను. తమ్ముడి మీద మోపడం చేతకావడం లేదు. ఇంకొకరు మిగిలారు. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే కేకలు వేసేవాణ్ణేమో, గుంటూరు వెళ్ళి తగువు పెట్టుకునేవాణ్ణేమో, లేక మా అమ్మ దగ్గర నేనుండి ఆమెనే బండి ఎక్కించి పంపేవాణ్ణేమో. ఏం చేసేవాణ్ణో తెలుసుకునే అవకాశం నాకు ఇవ్వలేదు. నమ్మి చెప్పుకోవడానికి బావగారు కనిపించారు, నేను కనపడలేదు. కాపురం చేసినన్నాళ్ళూ "ఇదిగో" అని పిలిచానే తప్ప పేరు పెట్టి పిలవలేదు. నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఆమెనే.

సుగుణని.