సంతకం కింద చుక్క

పొద్దున్న ఆరున్నర అయ్యేసరికి ఎమ్మెల్యే గారింటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండిపోతాయి. కుర్చీ దొరకనివాళ్ళు మెట్లమీద కూర్చుంటారు, మెట్లూ దొరకనివాళ్ళు చెప్పుల పక్కన సర్దుకుంటారు. ఆవిడ భర్త సొంత ఇంట్లో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడడానికి చోటు వెతుక్కుని వెతుక్కుని, చివరికి వంటగదిలో ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య స్థిరపడ్డాడు. "మా ఆవిడ మూడుసార్లు గెలిచింది, నేను మూడుసార్లు ఇల్లు ఓడిపోయాను" అని వచ్చినవాళ్ళతో చెప్పి నవ్విస్తుంటాడు.

రాజకీయాల్లోకి రాకముందు ఆవిడ బళ్ళో లెక్కలు చెప్పేది. జనం ఇప్పటికీ టీచరమ్మ అనే పిలుస్తారు. మనిషి చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే కాసేపట్లో మీకు ఆవిడమీద కోపం రాబోతోంది.

ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంటిదగ్గర జనం, పదింటికి శాసనసభ, సాయంత్రం ఎక్కడో ఒకచోట రిబ్బను కత్తిరించడం. కాలికి బలపం కట్టుకుని తిరగడమంటే అదే. సభలో ఆవిడ లేచి తన నియోజకవర్గంలో రోడ్డు సంగతి అడుగుతుంది. మంత్రిగారు లేచి "పరిశీలనలో ఉంది" అంటారు. ఆ రోడ్డు, గుంతలతో సహా, ఆరేళ్ళుగా పరిశీలనలోనే ఉంది.

ఇంటికొచ్చేవాళ్ళలో నూటికి తొంభైమందికి కావలసింది సిఫారసు ఉత్తరం. ఆసుపత్రిలో మంచానికి, కాలేజీలో సీటుకి, ఆగిపోయిన పింఛనుకి. పి.ఎ. టైపు చేసి తెస్తాడు, ఆవిడ సంతకం పెడుతుంది. కాదంటే ఓటు పోతుంది, అందరికీ ఔనంటే ఉత్తరం విలువ పోతుంది. అందుకని మొదటిసారి గెలిచినప్పుడే పి.ఎ. ఆవిడకొక ఉపాయం నేర్పాడు. సంతకం కింద చిన్న చుక్క ఉంటే ఆ పని తప్పకుండా చేయాలి. చుక్క లేకపోతే "సరే, చూస్తాం" అని పంపించేయాలి. ఆఫీసులవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పాము చావదు, కర్ర విరగదు. ఉత్తరం పట్టుకెళ్ళేవాడికి మాత్రం తెలియదు. వాడు దాన్ని జాగ్రత్తగా మడిచి, జేబులో పెట్టుకుని, చల్లగా ఉండమ్మా అని వెళ్ళిపోతాడు.

వంద సంతకాలు పడితే పది చుక్కలు పడేవి. మొదట్లో చుక్క పెట్టనప్పుడల్లా ఆవిడ ఎదుటివాళ్ళ మొహం చూడలేక తల దించుకునేది. తర్వాత తర్వాత అదీ పోయింది. చెయ్యి దాని పని అది చేసుకుపోయేది.

ఒకరోజు ఆ వరసలో ఆవిడ అన్న కనిపించాడు. ఆయన టైలరు. వీళ్ళ నాన్న చిన్నతనంలోనే పోతే, పదిహేనేళ్ళ వయసులో కుట్టుమిషను ముందు కూర్చుని చెల్లెల్ని చదివించాడు. ఆవిడ ఎమ్మెల్యే అయ్యాక ఒక్కనాడూ ఇది కావాలని నోరు తెరిచి అడగలేదు. ఇప్పుడు గుండెలో కవాటం పాడైంది, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోమన్నారు డాక్టర్లు. పెద్దాసుపత్రిలో చూస్తే వంతు రావడానికి నాలుగు నెలలు పడుతుందన్నారు. భార్య పోరగా పోరగా బయల్దేరాడు.

"ఇదేంటన్నయ్యా, నువ్వు వరసలో నిలబడడమేంటి? తిన్నగా లోపలికి రావచ్చుగా!"

"నాకంటే ముందొచ్చినవాళ్ళున్నారు కదే చిట్టీ. బాగుంటుందా?"

ఆవిడ కాగితాలు తీసుకుని చదివింది. ఇన్నాళ్ళూ చెప్పలేదేమని కేకలేసింది. "ఇప్పుడు చెప్తున్నాగా" అని ఆయన నవ్వాడు. పి.ఎ. ఉత్తరం టైపు చేసి ఆవిడ ముందు పెట్టి, ఇంకొకరి ఉత్తరం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మంత్రిగారి దగ్గర్నుంచి ఫోను. రోడ్డు ఫైలు కదిలిందట! ఆరేళ్ళకు! ఆవిడ ఫోన్ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, "చెప్పండి సార్, వింటున్నాను" అంటూనే సంతకం చేసి, ఉత్తరం అన్న చేతిలో పెట్టి, ఆ చేతిని ఒకసారి గట్టిగా నొక్కింది. ఆయన వస్తానని తల ఊపి వెళ్ళిపోయాడు.

అలవాటైన చెయ్యి అలవాటైన పని చేసేసింది. సంతకం పడింది, చుక్క పడలేదు.

ఆ సంగతి ఆవిడకు తెలియదు. చుక్క పెట్టాననే అనుకుంది. సొంత అన్నకు పెట్టకుండా ఉంటుందా మరి! బడ్జెట్ సమావేశాల మధ్య రెండుసార్లు ఫోను చేసి అడిగింది. "పిలుస్తామన్నారే, నువ్వు నీ పని చూసుకో" అన్నాడాయన రెండుసార్లూ. ఏడో వారంలో సభ జరుగుతుండగా ఆవిడకొక చీటీ అందింది. అన్న మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. పెడలు మీద కాలు అలాగే ఉందట.

వారం తర్వాత, వచ్చేపోయేవాళ్ళు తగ్గాక, ఒక మధ్యాహ్నం టీచరమ్మ అన్నగారింటికి వెళ్ళింది. ముందుగదే కొట్టు. ఎవరివో కత్తిరించిన చొక్కా ముక్కలు ఇంకా బల్లమీదే ఉన్నాయి. వదిన ప్లాస్టిక్ కవరొకటి తెచ్చి చేతికిచ్చింది.

"నీ ఉత్తరం చిట్టీ. ఆసుపత్రిలో గుమాస్తా చూసి, సరే పిలుస్తామని తిరిగిచ్చేశాడు. మీ అన్న దీన్ని చెమటకి తడవకుండా ఈ కవర్లో పెట్టుకుని తిరిగేవాడు."

ఆవిడ మడత విప్పింది. సంతకం చూసింది. దాని కింద చూసింది. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది, అక్కడ పడి ఉంటుందేమో అన్నట్టు.

"నువ్వేం చేస్తావమ్మా" అంటోంది వదిన. "అడగ్గానే రాసిచ్చావు. మా రాత బాగాలేదు. ఇంకోసారి నీకు ఫోను చేద్దామని రోజూ పోరేదాన్ని. ఒప్పుకునేవాడా! రాసిచ్చాక మళ్ళీ అడిగితే, దాని మాటమీద మనకే నమ్మకం లేనట్టుంటుందే అనేవాడు."

అక్కడితో ఊరుకుని ఉండవచ్చు. నాలుగు కన్నీళ్ళు కార్చి ఇంటికి పోయి ఉంటే వదిన జన్మలో తెలుసుకునేది కాదు. కానీ ఆవిడ వల్ల కాలేదు. నేలమీద కూలబడి, వదిన కాళ్ళు పట్టుకుని, చుక్క సంగతంతా చెప్పేసింది. పి.ఎ. మీద నెట్టలేదు, మంత్రి ఫోను మీద నెట్టలేదు.

"నేనే చంపుకున్నాను వదినా. నన్ను పెంచినవాణ్ణి నా చేత్తో నేనే చంపుకున్నాను" అని గుండెలవిసేలా ఏడ్చింది.

వదిన తిట్టలేదు. తిడితే ఆవిడకు కాస్త తేలికయ్యేదేమో. కాళ్ళు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"వంతు కనుక్కోవడానికి ఆసుపత్రికెళ్ళినప్పుడల్లా బెంచీమీద మా పక్కన ఒకామె కూర్చునేది" అంది. "పదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చేది. ఆ పిల్లదీ గుండె జబ్బే. ఆమె చేతిలోనూ నీ ఉత్తరమే. రోజూ ఏడ్చేది. మా చెల్లెలు రాసిచ్చిందంటే జరిగి తీరుతుందమ్మా, ఓపిక పట్టు, ఇంకెక్కడికీ పోకు అని మీ అన్న ధైర్యం చెప్పేవాడు. ఆయన మాట విని పాపం అక్కడే కూర్చుంది."

టీచరమ్మ తల ఎత్తింది.

"ఆ పిల్లకన్నా పెట్టావా చిట్టీ, చుక్క?"

ఆవిడకు ఎంత తలుచుకున్నా ఆ తల్లి మొహమే గుర్తు రాలేదు.