కాల్షియం క్లోరైడ్‌లో లేని ‘డై’

తెలంగాణ వచ్చిన మరుసటేడు మక్తల్‌లో పదోతరగతి పాసై, ఇంటర్‌కు మహబూబ్‌నగర్‌లో ఓ ప్రైవేటు కాలేజీలో చేరాను. అప్పటిదాకా తెలుగు మీడియం. మా కెమిస్ట్రీ సారుకు తెలుగు మీడియం పిల్లలంటే చిరాకు. ఆ సంగతి దాచుకునేవాడు కాదు.

ఒకరోజు బోర్డు మీద CaCl₂ అని రాసి, పేరు చెప్పమని నన్ను లేపాడు. కార్బన్‌తో రెండు ఆక్సిజన్లుంటే డయాక్సైడ్ అంటాం కదా, ఇక్కడా క్లోరిన్లు రెండు కనబడగానే కాల్షియం డైక్లోరైడ్ అన్నాను. సారు నవ్వాడు. ఆయన నవ్వాక క్లాసంతా నవ్వింది. డై ఎందుకు ఉండకూడదో చెప్పలేదు. కాల్షియం క్లోరైడ్ అని రాసి తుడిచేశాడు. ఆ రోజు నుంచి హాజరు పిలిచేటప్పుడు నా పేరు పోయి డైక్లోరైడ్ వచ్చింది.

దసరా సెలవుల దాకా పలికాను. పలికిన ప్రతిసారీ ఒళ్లు మండేది. సెలవుల తర్వాత పలకలేదు. రెండోసారి పిలిస్తే లేచి నిలబడ్డాను.

“నా పేరుతోని పిలువుండ్రి సార్.”

“పిలువుండ్రి” అని నా యాసను సాగదీసి క్లాసుకు వినిపించాడు. మళ్లీ నవ్వులు. తండ్రిని తీసుకొచ్చేదాకా క్లాసులోకి రావద్దని బయటికి పంపాడు.

బాపు మగ్గం పని ఆపుకొని వచ్చాడు. స్టాఫ్ రూంలో సారు ఆయన్ను కూర్చోమనలేదు. నాకు పొగరెక్కువన్నాడు, ఎదురు మాట్లాడుతున్నానన్నాడు. బాపు అంతా విని, అసలు నేనేం తప్పు చెప్పానని అడిగాడు. సారు ఆ డై సంగతి ఎగతాళిగా చెప్పాడు.

“తప్పే చెప్పింది సార్. మరి గది ఎందుకు తప్పో పిల్లకు చెప్పిండ్రా?”

పక్క బల్లల దగ్గరి లెక్చరర్లు తలలెత్తారు. సారు మొహం ఎర్రబడింది. కిటికీ వైపు చూస్తూ గబగబా అప్పజెప్పాడు. కాల్షియం అయాన్‌కు చార్జ్ ఎప్పుడూ రెండే, క్లోరైడ్‌కు ఒకటే. కాబట్టి ఒకదానితో రెండు కలవక తప్పదు, ఆ లెక్క పేరులో చెప్పక్కర్లేదు. కార్బన్ అలా కాదు, ఒక ఆక్సిజన్‌తోనూ కలుస్తుంది, రెండింటితోనూ కలుస్తుంది, అందుకే అక్కడ చెప్పాలి. నిమిషం కూడా పట్టలేదు. ఆ కాస్త మాట మొదటిరోజే చెప్పడానికి ఈయనకు మనసు రాలేదా అని నా కోపం ఇంకా పెరిగింది.

సమజైందా అని బాపు అడిగాడు. అయిందన్నాను.

“అయితే పోయి క్లాసుల కూసో.”

ఆ తర్వాత హాజరులో నా పేరే పలికాడు. కానీ ఇంటర్ అయ్యేదాకా నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నా మొహం చూడకుండానే ల్యాబ్ రికార్డు మీద సంతకం గీకేవాడు. చివరి పరీక్ష రాసి వస్తుంటే గేటు దగ్గర ఎదురుపడ్డాడు. మిగతావాళ్లు ఆగి దండం పెట్టారు. నేను ఆయన పక్కనుంచే నడిచి బస్టాండుకు వెళ్లిపోయాను.