బస్ స్టేషన్‌లో కళ్లజోడు సైంటిస్టు

ఎనభైల మొదట్లో ఒక ఆదివారం, చికాగో బస్ స్టేషన్‌లో కూర్చుని ఉన్నాను. మర్నాడు ట్రాయ్ అనే ఊళ్లో ఒక కార్ల కంపెనీలో ఇంజినీర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అంతకుముందు రెండు చోట్ల నా యాక్సెంట్ అర్థం కావడం లేదని పంపించేశారు. అందుకే జవాబులన్నీ అమెరికన్ యాసలో గొణుక్కుంటూ ప్రాక్టీస్ చేస్తున్నాను.

పక్క కుర్చీకి నాణెం వేస్తే ఆడే చిన్న టీవీ బిగించి ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న ఒక నల్లజాతి పెద్దావిడ అందులో జపాన్ వాళ్ల సినిమా చూస్తోంది. సముద్రంలోంచి లేచొచ్చిన రాక్షసబల్లి ఊరిని తొక్కేస్తోంది. పెదాలకీ ఇంగ్లీషు మాటలకీ పొంతన లేదని వెనక కుర్రాళ్లు పగలబడి నవ్వుతున్నారు. డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగినదాన్ని, నాకేమీ వింతగా అనిపించలేదు.

ఆవిడా నవ్వలేదు.

“ఆ కళ్లజోడు జపాన్ సైంటిస్టుని చూడు, హనీ. మిలిటరీ వాళ్లు, పక్కనున్న తెల్లాయనతో సహా, ఆయన ఏం చెబుతాడా అని నిలబడ్డారు. మా టీవీలో ఇలాంటిది ఇంకెక్కడ చూస్తాను?”

“కానీ ఆ గొంతు ఆయనది కాదు కదండీ, ఎవరో అమెరికన్‌ది,” అన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది. “మరి ఇందాకట్నుంచీ నువ్వు చేస్తున్నదేమిటి?”

మర్నాడు ఇంటర్వ్యూలో బ్రేకుల గురించి అడిగారు. బోర్డు దగ్గరికెళ్లి, నా గుంటూరు ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. ఒకాయన మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ అదే యాసలో చెప్పాను. కాసేపటికి అందరూ కుర్చీలు ముందుకు జరుపుకుని “తర్వాత?” అన్నారు.

ఉద్యోగం అక్కడే ఖాయం చేశారు. ముఖం నాదే, గొంతూ నాదే.