బండికి పట్టించిన కొబ్బరినీళ్లు

పాత బండి ట్యాంకు మూత తీస్తే అందరికీ తుప్పు వాసనొస్తుంది. నాకు కొబ్బరినీళ్ల వాసనొచ్చింది.

మన కవిటి ఊరి పిల్లలకి గుర్తుందా? జ్వరమొచ్చినా, వాంతులైనా, పరీక్ష పోయినా చేతిలో కొబ్బరిబొండాం పెట్టేవారు. ఓ మధ్యాహ్నం నాన్న బారువ నుంచి బండి తోసుకొచ్చి, “దీనికి నీరసమొచ్చిందే” అన్నాడు. ఆయన పడుకోగానే నేను బొండాం నీళ్లన్నీ ట్యాంకులో పోసేసాను. ఆ బండి మళ్లీ స్టార్టవలేదు. నాన్న ఆ తర్వాత సైకిలే తొక్కాడు. నేను నోరు విప్పలేదు.

నాకు నలభై దాటాక, స్పానరు పట్టుకోడం కూడా రాకుండానే దాన్ని బాగుచేద్దామని కూర్చున్నాను. నావల్ల కాక పలాస తీసుకెళ్తే, మెకానిక్ ఇంజన్ విప్పి చూసి, “ఆయిల్ లేకుండా తోలేసినారమ్మా. దారిలోనే పట్టేసి బిగుసుకుపోయింది. ట్యాంకులో ఏటి పోసినా ఇలాగవదు” అన్నాడు. అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చేసాను.

ఇంటికొచ్చి నాన్నకి అంతా చెప్పేసాను. ఆయన పేపరు మడిచి, వంటింటి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

“మూతకి లేతకొబ్బరి అంటుకుంటే నేను సూడలేదనుకున్నావేటి? ఆయిల్ సూసుకోకుండా తోలింది నేనే. మీయమ్మకి మాత్రం సెప్పకు.”