తడిసిన బస్తాలు, రెండు కామాలు

జక్రాన్‌పల్లి రత్నవ్వ కూతురు వినోదకు చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషంటే దడ. డిగ్రీ తెలుగు మీడియంలోనే పూర్తి చేసి, ఆర్మూర్‌లో రైతుల పసుపు అమ్మిపెట్టే హనుమాన్లు సేటు అడ్తి దుకాణంలో కంప్యూటర్ పనికి కుదిరింది. ఆ దుకాణం వెనక షెడ్డులోనే రత్నవ్వ పసుపు కొమ్ములు ఏరే కూలీ.

సేటు కొత్తగా కొచ్చిలోని ఒక మసాలా కంపెనీకి నేరుగా సరుకు పంపడం మొదలుపెట్టాక, వాళ్లకు ఇంగ్లీషులో మెయిళ్లు రాయడం వినోద నెత్తిన పడింది. రాసింది మళ్లీ మళ్లీ చదువుకుని, భయపడుతూనే పంపేది.

మార్చిలో ఓ సాయంత్రం చెడగొట్టు వాన కొట్టింది. గాలికి బస్తాల మీద కప్పిన తాడిపత్రి లేచిపోయి, షెడ్డు అంచున ఉన్న కొన్ని బస్తాలు తడిశాయి. సేటు షెడ్డులో పనిచేసే ఆడవాళ్లను ఒక్కొక్క బస్తా తడిమి చూడమని, తడిసినవి పక్కకు తీయించి, పొడిగా ఉన్నవే లారీకి ఎక్కించాడు. ఆ సంగతి కంపెనీకి ముందే చెప్పడం మంచిదని వినోదతో మెయిల్ పెట్టించాడు. "ద బ్యాగ్స్, విచ్ గాట్ వెట్, ఆర్ కెప్ట్ అసైడ్" అని రాసిందామె. వాక్యం పొడుగైతే మధ్యలో కామాలు పెట్టాలని ఆమె నమ్మకం.

పొద్దున్నే జవాబొచ్చింది. సరుకంతా తడిసిపోతే తమకు అక్కర్లేదని, లారీ పంపొద్దని.

సేటు అరవలేదు. "గట్లెట్ల రాసినవ్ బిడ్డా? మంచికి పోతే చెడైపాయె" అన్నాడంతే. ఆ నెమ్మదే వినోదను ఎక్కువ కోసింది. ఎంత చూసినా తన వాక్యంలో తప్పు కనబడలేదు. ఇంగ్లీషు వచ్చినవాళ్లను పెట్టుకోమని చెప్పేద్దామనుకుంది. ఆ మాట మింగేసి, చర్చి పక్కన ట్యూషన్లు చెప్పే రూత్ టీచర్ ఇంటికి నడిచింది.

రూత్ మెయిల్ చదివి కామాల మీద వేలు పెట్టింది.

"విచ్ తప్పు గాదు. కామాలు తీసేస్తే 'తడిసిన బస్తాలు పక్కకు పెట్టినం' అని అర్థం. పక్కకు పెట్టినవి ఏ బస్తాలన్నది విచ్ జెప్తది. కామాలు పెడితే, 'బస్తాలు పక్కకు పెట్టినం, అవన్నీ తడిసినయ్' అని. నువ్వు సరుకంతా తీస్కపోయి వానల నిలబెట్టినవ్."

వినోదకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. బడిలో హూ, విచ్, దట్ అని బట్టీ పట్టిందే గానీ, అవి ఎందుకో ఎవరూ ఇట్లా చెప్పలేదు. తెలుగులో 'తడిసిన' అనే మాట బస్తాల ముందుంటుంది. ఇంగ్లీషులో విచ్‌ను పట్టుకుని బస్తాల వెనక్కి పోతుంది. రూత్ ఒక్కొక్కటే అడిగింది: నందిపేట్ నుంచి వచ్చే ఆటో, నిన్న పడిన వాన, మా ఇంటికొచ్చిన మనిషి. వినోద అన్నీ ఇంగ్లీషులోకి తిప్పి చెప్పింది. ఒక్కటీ తప్పలేదు.

మళ్లీ మెయిల్ రాయమంది రూత్. వినోద వద్దంది. మాట్లాడతానంది.

దుకాణంలో సేటూ హమాలీలూ చూస్తుండగా కొచ్చి మేనేజరుకు ఫోన్ కలిపింది. తన పేరు, దుకాణం పేరు చెప్పింది. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"సర్, ఓన్లీ ద బ్యాగ్స్ విచ్ గాట్ వెట్ ఆర్ కెప్ట్ అసైడ్. ద బ్యాగ్స్ విచ్ ఆర్ ఇన్ ద లారీ ఆర్ డ్రై. ఐ యామ్ ద పర్సన్ హూ మేడ్ ద మిస్టేక్."

మేనేజరు వెంటనే ఒప్పుకోలేదు. పొడివని ఎవరు చూశారని అడిగాడు. "ద విమెన్ హూ వర్క్ హియర్ చెక్డ్ ఎవ్రీ బ్యాగ్" అంది తడుముకోకుండా. దించే ముందు తామూ తేమ పరీక్ష చేస్తామని, లారీని రానివ్వమని అన్నాడాయన.

షెడ్డు గుమ్మంలో రత్నవ్వ పసుపు చేతులతో నిలబడి ఉంది. "ఏం జెప్పినవ్ బిడ్డా గంత సేపు?" అని అడిగింది.

"గీడ పనిచేసే ఆడోళ్లు ఒక్కొక్క బస్తా చూసిండ్రని చెప్పిన అవ్వా."

రత్నవ్వ వెనక్కి తిరిగి, తమ సంగతి కొచ్చి దాకా పోయిందని షెడ్డంతా వినబడేలా చెప్పింది.

కొచ్చిలో సరుకు పరీక్ష నెగ్గింది. ఒక్క బస్తా కూడా వెనక్కి రాలేదు. మరో లారీ కావాలని కంపెనీవాళ్లు ఫోన్ చేసి, ముందుగా వినోదనే అడిగారు. సేటు ఆ రోజే ఆమె కుర్చీని వెనక గదిలోంచి దుకాణం ముందుకు వేయించాడు. ఈ మధ్య దుబాయ్ నుంచి సరుకు చూడటానికి ఒకాయన వస్తే, లేచి ఎదురెళ్లి షెడ్డంతా తిప్పి చూపించింది వినోదే. సేటు నిమ్మళంగా చాయ్ తాగుతూ కూర్చున్నాడు.