దొర కారు, నా కారు

ఉద్యమం రోజుల్లో మహబూబాబాద్‌లోని నా మెకానిక్ షెడ్డులో రెండు ఫ్రెంచి కార్లుండేవి. ఒకటి మా ఊరి దొర కారు, నిజాం కాలం నాటిది. నల్లటి ఒళ్లు, బయటికి పొడుచుకొచ్చిన గుండ్రటి లైట్లు. ముందువైపు ఇనుప రాడ్డు పెట్టి తిప్పితేనే స్టార్టయ్యేది. పాత కార్లు సేకరించేవాళ్లకు అమ్మడానికి దొర మనవడు దాన్ని రిపేరుకిచ్చాడు. రెండోది నాది, తొంభైల నాటి తెల్ల డీజిల్ కారు. తుక్కులో కొని రెండేళ్లు చెమటోడ్చి బతికించాను. దొర కారు తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టుండేది, నాది వేస్తే రేకు డబ్బా మోగినట్టుండేది. అయినా పరుగులో నాదే మేలు.

బందు రోజు కుర్రాళ్లు ‘జై తెలంగాణ’ అని అరుస్తూ కర్రలతో షెడ్డులోకి దూసుకొచ్చారు. నంబరు ప్లేటు మీద ‘టీజీ’ అని దిద్దకుండా వదిలేసిన ‘ఏపీ’ చూసి నా కారు అద్దాలు పగలగొట్టి, బోల్తా కొట్టించారు. నేనూ ఉద్యమం మనిషినేనని అరుస్తూ అడ్డుపడితే నా మూతి పగిలింది. దొర కారు మీద ఇంకా నిజాం నాటి నంబరే ఉంది. ఒకడు తన మెడలోని దండ తీసి దాని బానెట్ మీద వేశాడు.

“గిది అసలైన తెలంగాణ కారన్నా!” అన్నాడు.

నోట్లో రక్తం ఉమ్మేశాను. ఒకప్పుడు ఆ కారు వాగులో దిగబడితే తోసింది మా బాపు. అది స్టార్టు కాలేదని దొర ఆ రాడ్డుతోనే బాపు చెయ్యి విరగ్గొట్టాడు. బాపు చచ్చేదాకా ఆ చెయ్యి వంకరే.

కారులోంచి ఆ రాడ్డే తీశాను.

“దండ తియ్యిరా!” అన్నాను.

రెండు దెబ్బల్లో రెండు లైట్లూ పగలగొట్టాను. ఈసారి జై తెలంగాణ అని అరిచింది నేనొక్కణ్ణే.