దొడ్డిదారిన పితృత్వ సెలవు

పాప పుట్టిన మూడో రోజున పదిహేను రోజుల సెలవుకు దరఖాస్తు పెట్టుకున్నాను. మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే జరుగుతుంది. కానీ మా అత్తమ్మ నెల ముందే తడి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టుతో మంచం మీద ఉంది. మా అమ్మ పోయి నాలుగేళ్లు. నా భార్యకు ఆపరేషన్ చేసి పాపను తీశారు. కుట్లు మానేదాకా వంగొద్దు, బరువెత్తొద్దు అంది డాక్టరమ్మ. ఇంట్లో మిగిలింది నేనూ మా బాపూ. బాపు నీళ్ల గ్లాసు కూడా తనంతట తాను ముంచుకున్న మనిషి కాదు.

నేను హుస్నాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. సిద్దిపేట నుంచి రోజూ బస్సులో వెళ్లొస్తాను. మా సూపరింటెండెంటు నా దరఖాస్తును రెండుసార్లు చదివాడు.

"కాన్పు ఎవలికైంది?"

"మా ఇంటామెకు సార్."

"మరి సెలవు నీకెందుకు?"

జీవో కాపీ ముందు పెట్టాను. కళ్లద్దాలు పైకెత్తి, కిందికి దించి, వెనక పేజీ కూడా తిప్పి చూశాడు.

"ఉన్నది. ఉన్నదిగని నా సర్వీసుల ఒక్కడు గూడ అడగలే. నాకు ముగ్గురు పిల్లలు. ముగ్గురు పుట్టిన దినం గూడ నేను గీ కుర్చీలనే ఉన్న," అన్నాడు గర్వంగా. తర్వాత సంతకం పెట్టి, కాగితం నాకిస్తూ, "ఆరోగ్యం జాగ్రత్త," అన్నాడు. నా ఆరోగ్యమే.

మొదటి మూడు రోజులు బాగానే గడిచాయి. అన్నం వండటం, నీళ్లు కాచటం, పాలు తాగిన పాపను భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా గదిలో తిరగటం, పొత్తి గుడ్డలు ఉతికి డాబా మీద ఆరేయటం. పాప ఎన్ని గుడ్డలు తడిపేదంటే, ఒక విడత ఆరేసి కిందికి దిగేసరికి ఇంకో విడత తయారుగా ఉండేది. బాపు అరుగు మీద కూర్చుని నన్ను చూసీ చూడనట్టు చూసేవాడు. నేను పుట్టినప్పుడు ఆయన భీవండిలో మరమగ్గం మీద ఉన్నాడు. మొదటిసారి నన్ను చూసేసరికి నాకు ఎనిమిదో నెల. నన్ను చూసి ఆయనే జంకాడని అమ్మ చెప్పేది.

నాలుగో రోజు మద్దూరు నుంచి మా చిన్నాయిన సంచి నిండా జామకాయలతో వచ్చాడు. పాపను చూడటానికి లోపలికి పోలేదు. నా పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యం ఇడువకు బిడ్డా. సస్పెండైనోళ్లు మళ్ల డ్యూటీ ఎక్కుతలేరా?"

"ఎవలు సస్పెండైన్రు చిన్నాయినా?"

"నా దగ్గర గూడ దాస్తవా? పొద్దుగాల పదిగంటలకు డాబా మీద గుడ్డలారేస్తున్నవంట. నౌకరి ఉన్నోడెవడన్న పదింటికి గుడ్డలారేస్తడా?"

పితృత్వ సెలవు గురించి మొత్తం వివరించాను. జీవో సంగతి కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని తలూపాడు.

"మంచిగ కుదిరింది. అందరికి గిదే చెప్పు."

మర్నాడు ఇంకో ఇద్దరు పరామర్శకు వచ్చారు. ఒకాయన తనకు తెలిసిన వకీలు నంబరు రాసిచ్చాడు. ఇంకొకామె పాప కోసం తెచ్చిన తాయెత్తును చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి, చివరికి నా చేతికి కట్టింది. ఆ సాయంత్రం బాపు రోజూ పోయే చాయ్ హోటలుకు పోలేదు. చాలాసేపు అటూ ఇటూ తిరిగి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రేపటి సంది ఆఫీసుకు పో."

"సెలవుల ఉన్న గద బాపూ!"

"పోయినట్టు పో. ముందట దర్వాజకెల్లి పోయి, ఎనక దర్వాజకెల్లి రా. గాడ హోటల్ల అందరు నా దిక్కే సూస్తున్నరు."

మంచం మీద నా భార్య పొట్ట పట్టుకుని, "నవ్వియ్యకున్రి, కుట్లు గుంజుతున్నయి," అంది. నాకు కోపం వచ్చింది. కానీ బాపు కళ్లు చూస్తే కాదనలేకపోయాను.

ఆరో రోజు నుంచి నా డ్యూటీ మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ బాక్సుతో ముందు వాకిట్లోంచి బయల్దేరేవాణ్ని. మలుపు తిరిగాక మాస్కు పెట్టుకుని, పిండి గిర్నీ పక్కనుంచి వెనక సందులోకి వచ్చి, మా ఇంట్లోకే దొంగలా దూరేవాణ్ని. నేనే వండి నేనే కట్టుకున్న బాక్సు మధ్యాహ్నం మా వంటింట్లో విప్పుకుని తినేవాణ్ని. సాయంత్రం మళ్లీ వెనకనుంచి పోయి ముందునుంచి వచ్చేవాణ్ని. బాపు అరుగు మీద నిలబడి, వాడంతా వినబడేలా, "బస్సు లేటైందా?" అని అడిగేవాడు.

ఒక్కటే ఆయన ముందు ఆలోచించలేదు. నేను ఆఫీసులో ఉంటే డాబా మీద గుడ్డలు ఎవరు ఆరేస్తారు? మొదటి రోజు బకెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత పైకి మోసుకుపోయాడు. డాబా మెట్ల తలుపు సందులోంచి తొంగి చూశాను. ఒక్కో గుడ్డను దులిపి, నాలుగు మూలలూ సాగదీసి, అంచుకు అంచు కలిపి, మగ్గం మీద పడుగు సరిచేసినట్టు ఆరేస్తున్నాడు. నేను ఆరేసినవి ఎప్పుడూ అంత అందంగా లేవు.

పదో రోజు మా వెనకింటి అత్త వచ్చింది. చుట్టం కాదు కానీ చిన్నప్పటి నుంచి అత్తా అనే పిలుస్తాను. నేను వంటింట్లో పాపను భుజాన వేసుకుని ఉన్నాను. ఆమె బాపుతో గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అన్నా, చెప్పుదామంటె నోరు వస్తలేదు. నీ కొడుకు అటు బస్సుకు పోంగనే, ఇటు ఎవడో మొగోడు ఎనక దర్వాజకెల్లి లోపటికి వస్తుండు. తెల్లంగి, మొఖానికి మాస్కు. అయిదు దినాల సంది సూస్తున్న."

ఈ నాటకానికి రోజూ నవ్వే నా భార్య నవ్వు ఆగిపోయింది.

"వాడు నా కొడుకే," అన్నాడు బాపు.

"ఎవలూ?"

"ఎనకకెల్లి వచ్చెటోడు. సెలవు పెట్టిండు. పిల్లను సూసుకుంటుండు."

"ఎవలి పిల్లను?"

"వాని పిల్లనే! సర్కారే ఇచ్చింది సెలవు. నేనే, సిగ్గయి, గిట్ల తిప్పుతున్న."

నేను బయటికి వచ్చాను. మాస్కు ఇంకా ఒక చెవికి వేలాడుతోంది. అత్త నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"గీ మాత్రానికి గింత దాసిపెట్టుడెందుకయ్యా? సస్పెండైండని చెప్తె అయిపోతుండె గద!" అంది. వెంటనే నా దగ్గరికొచ్చి, "మెడ కింద చెయ్యి పెట్టు ముందుగాల," అని పాపను సరిగ్గా పట్టించింది.

మిగిలిన అయిదు రోజులూ ముందు వాకిట్లోనే ఉన్నాను. ఇక డాబా మీదికి నేనే పోతానన్నాను. బాపు బకెట్టు ఇవ్వలేదు. నువ్వు ఆరేస్తే ముడతలు పడతాయి అన్నాడు.

ఆరు నెలలకు నా భార్య సెలవు కూడా అయిపోయింది. ఆమె మా సిద్దిపేట జిల్లాలోనే ఉన్న ములుగు దగ్గర బడిలో టీచరు. పాపను ఎవరికి అప్పజెప్పాలా అని మేము రెండు వారాలు తర్జనభర్జన పడ్డాం. మేము మాట్లాడుకుంటుండగానే బాపు పాల సీసా కడగటం నేర్చుకున్నాడు. ఇప్పుడు చాయ్ హోటలుకు పాపతోనే పోతున్నాడు. సాయంత్రం నేను బస్సు దిగి వచ్చి చేతులు చాపితే మాత్రం ఇవ్వడు.

"నీ సెలవు అయిపోయింది గద. పో, ముందుగాల చేతులు కడుక్కో," అంటాడు.